బిషప్ గారు ఎన్నడూ ఉండని ఇల్లు

ఆక్లండ్‌లో ఉండే తెలుగువాళ్ళందరి దగ్గరా ఒక జాబితా ఉంటుంది. ఇండియా నుంచి చుట్టాలొస్తే తిప్పి చూపించే ఊళ్ళ జాబితా. రోటొరువాలో వేడినీటి బుగ్గలు, వైటోమోలో మిణుగురు పురుగుల గుహ, హాబిటన్, ఇంకా ఓపికుంటే ఉత్తరాన బే ఆఫ్ ఐలండ్స్. వైతాంగిలో ఒప్పందం జరిగిన చోట ఫొటో దిగి, పైహియాలో చేపలూ చిప్సూ తిని, డాల్ఫిన్ల పడవెక్కి వెనక్కొచ్చేస్తాం. అవతలి ఒడ్డున రస్సెల్ అనే చిన్న ఊరుందనీ, పైహియా రేవు నుంచి కాసేపట్లో పడవమీద చేరుకోవచ్చనీ తెలిసినా, "అక్కడేముందిలే" అనుకుని వదిలేస్తాం. మేమూ పన్నెండేళ్ళపాటు అలాగే వదిలేశాం.

కిందటి జనవరిలో మా అమ్మ చీరాల నుంచి వచ్చింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. పడవంటే భయం. ఆ రోజు సముద్రం చెరువులా ఉండడంతో ధైర్యం చేసింది. రస్సెల్‌లో దిగి, ఒడ్డు వెంబడే నడిచి, ఊరి దక్షిణపు కొసకి వెళ్ళేసరికి రెండంతస్తుల కట్టడం ఒకటి కనిపించింది. ఏటవాలు కప్పు, చుట్టూ వసారా, వెనక కొండవాలు మీద తోట. టిక్కెట్లు కొని లోపలికి వెళ్ళేం. గైడు అమ్మాయి శ్రద్ధగా ఏదో చెపుతోంది. మా అమ్మ అది వినడం మానేసి, కళ్ళద్దాలు సర్దుకుని గోడని పరీక్షగా చూసింది. చూసి నావైపు తిరిగి, "ఒసేయ్, ఇది మట్టిగోడేనే! ఇంత దూరం పడవెక్కించింది మట్టిగోడ చూపించడానికా?" అంది.

మా పిల్లలు నవ్వేరు, నేనూ నవ్వేను. కాని ఆ మాట నన్ను వదల్లేదు. తిరిగొచ్చాక ఆ కట్టడం గురించి దొరికినవి చదివేను. పుస్తకాల మీద విమర్శ రాసినట్టే కట్టడాల మీదా రాయవచ్చు. కట్టిన వాళ్ళు ఒకటి చెప్పదలుచుకుంటారు. ఆ తరవాత దాన్ని కాపాడిన వాళ్ళు మరొకటి చెపుతారు. ఆ రెండూ ఒకటేనా కాదా అన్నది చూడడమే విమర్శకుడి పని. ఈ కట్టడాన్ని కాపాడిన వాళ్ళు ఒకసారి తప్పు చెప్పి, యాభై ఏళ్ళ తరవాత దిద్దుకున్నారు. అందుకే దాన్ని మీ ముందు పెడుతున్నాను.

పరాసులు ఇక్కడికెందుకొచ్చారు?

మా అబ్బాయి మొదటి ప్రశ్న ఇదే. "ఇంగ్లీషువాళ్ళ దేశంలో ఫ్రెంచివాళ్ళ ఇల్లేమిటమ్మా?" అన్నాడు. ఫ్రెంచివాళ్ళు మనకి కొత్తవాళ్ళు కాదురా అని చెప్పేను. గోలకొండ సుల్తానుల కాలంలో, 1669లో, బందరులో వాళ్ళు వర్తకస్థావరం పెట్టుకున్నారు. బందరువాళ్ళు వాళ్ళని పరాసులన్నారు. పదిహేడో శతాబ్దపు ఆ పరాసుల కొట్లూ గిడ్డంగులూ చూద్దామంటే ఇవాళ ఏముంది? పరాసుపేట అన్న పేరొకటి మిగిలింది. డచ్చివాళ్ళ పేరు మీద వలందపాలెం మిగిలినట్టే. యానాం అయితే 1954 దాకా వాళ్ళ చేతిలోనే ఉంది. మనవైపు మాట నిలబడింది గాని గోడ నిలబడలేదు.

న్యూజీలండ్‌లో పరాసుల గుర్తులు రెండు చోట్ల గట్టిగా కనిపిస్తాయి. ఒకటి దక్షిణ ద్వీపంలో క్రైస్ట్‌చర్చ్ దగ్గరున్న అకరోవా. 1840 ఆగస్టులో ఫ్రెంచి వలసదారులు అక్కడ దిగేసరికే ఇంగ్లీషువాళ్ళు తమ జెండా ఎగరేసేశారు. ఇప్పటికీ అక్కడ వీధుల పేర్లు ఫ్రెంచిలోనే ఉన్నాయి. రెండోది ఈ రస్సెల్ కట్టడం. అప్పట్లో ఊరి పేరు కొరోరారెకా. తిమింగలాల వేటగాళ్ళు, సారా కొట్లు, కొట్లాటలు. పసిఫిక్ మహాసముద్రపు నరకం అని పేరు పడ్డ రేవు.

ఫ్రాన్సులోని లియోన్‌లో 1801లో పుట్టిన జాన్ బాప్తీస్త్ పొంపాలియే అనే కేథలిక్ బిషప్ 1838 జనవరిలో ఈ దేశానికొచ్చేడు. మొదట హొకియాంగాలో దిగి, మరుసటి ఏడు కొరోరారెకాకి మకాం మార్చేడు. 1840 ఫిబ్రవరిలో వైతాంగి ఒప్పందం సభలోనూ ఆయన ఉన్నాడు. అన్ని మతాల వాళ్ళకీ రక్షణ ఉంటుందన్న హామీని ఆ సభలో చెప్పించింది ఆయనే. కాని ఆయనకి ఒక చిక్కు ఉంది. అవతలి ఒడ్డున పైహియాలో ఆంగ్లికన్ మిషనువాళ్ళకి అచ్చుయంత్రం ఉంది. విలియం కొలెన్సో అనే ఆయన 1837 నాటికే మావోరీ భాషలో బైబిలు కొత్త నిబంధన అచ్చు వేసేశాడు. అప్పుడే చదువు నేర్చుకుంటున్న మావోరీలకి పుస్తకమంటే విపరీతమైన మోజు. పుస్తకం ఎవరి దగ్గరుంటే మాట వాళ్ళది చెల్లుతుంది. కేథలిక్కుల చేతిలో పుస్తకం లేదు.

అందుకని ఫ్రాన్సు నుంచి గావో రకం అచ్చుయంత్రం తెప్పించుకున్నారు. దాన్ని పెట్టుకోడానికి ఒక కార్ఖానా కావాలి. కలప కొనడానికి డబ్బు లేదు. వాళ్ళలో లూయీ పెరే అనే లియోన్ వాస్తుశిల్పి ఉన్నాడు. వాళ్ళ ఊరి చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ళన్నీ మట్టితోనే కడతారు. ఆ పద్ధతిని పీజే అంటారు. 1841, 42 సంవత్సరాల్లో ఆ పద్ధతిలోనే ఈ కార్ఖానా కట్టేరు. కింది అంతస్తు కూరిన మట్టిగోడలు. పై అంతస్తు కర్ర చట్రం, చట్రం మధ్య మట్టి. అక్కడ అక్షరాలు పేర్చేరు, అచ్చు వేసేరు, పుస్తకాలు కుట్టేరు. ఆ పుస్తకాల అట్టలకి కావలసిన తోలు కూడా పక్కనే గుంటలు తవ్వుకుని అక్కడే ఊనేరు. అలా మావోరీ భాషలో ప్రార్థనల పుస్తకాలు వేల సంఖ్యలో తయారయ్యాయి.

1845 మార్చిలో హోనే హెకే, కవిటి అనే మావోరీ నాయకులు బ్రిటిషువాళ్ళ మీద తిరగబడి ఊరి మీద పడ్డారు. ఊరు చాలామటుకు తగలబడింది. ఈ మిషనునీ, ఆంగ్లికన్ చర్చినీ మాత్రం వదిలేశారు. 1850లో మిషను ఆక్లండ్‌కి తరలిపోయింది. కార్ఖానా చేతులు మారింది.

మొదటి మరమ్మతు: కార్ఖానా కాస్తా మేడ అయింది

తరవాత వచ్చిన వాళ్ళలో మొదటాయన తోళ్ళ పని చేసేవాడు. ఆ తరవాత కలవారి కుటుంబాలు కొనుక్కుని దాన్ని ఇల్లుగా మార్చుకున్నాయి. పొగగొట్టాలు లేచాయి, గదులు కలిశాయి, తోట వచ్చింది. వాళ్ళ తప్పేమీ లేదు. ఎవరిల్లు వాళ్ళు సుఖంగా కట్టుకుంటారు.

అసలు కథ 1940లలో మొదలయింది. 1940లో దేశం నూరేళ్ళ పండగ చేసుకుంది. నూరేళ్ళ పండగ చేసుకునే దేశానికి పాత కట్టడాలు కావాలి. అవి అందంగానూ ఉండాలి. ప్రభుత్వం ఈ ఇల్లు కొని, మరమ్మతు చేసి, "పొంపాలియే హౌస్" అని పేరు పెట్టి జనానికి చూపించింది. బిషప్ గారి నివాసం అన్న మాట అలా స్థిరపడింది. వసారాలతో, పొడుగాటి కిటికీలతో, తోట మధ్య ఉన్న మేడని చూస్తే నమ్మబుద్ధి అవుతుంది మరి. కాని బిషప్ గారు ఆ కట్టడంలో ఒక్కరోజు కూడా కాపురం ఉండలేదు. ఆయన ఉన్నది ఆ ఆవరణలోనే వేరే చెక్క ఇంట్లో. ఆ ఇల్లు ఇప్పుడు లేదు.

ఇందులో నాకు ఆశ్చర్యం కలిగించింది పొరపాటు పడడం కాదు. పొరపాట్లు అందరం పడతాం. ఆ పొరపాటు ఏ దిక్కుకి జరిగిందో చూడండి. తోళ్ళు ఊనిన చోటు బిషప్ గారి బసగా మారింది గాని, బిషప్ గారి బసని చూసి ఎవరూ తోళ్ళ కార్ఖానా అని పొరబడలేదు. పొరపాటు ఎప్పుడూ కిందనుంచి పైకే జరుగుతుంది. సిరా మరకలు, తోలు వాసన, గుంటలు కప్పడిపోతాయి. వాటి మీద తివాచీ పరుచుకుంటుంది. ఎవరూ అబద్ధమాడాలని కూర్చోలేదు. తాతలు గొప్పవాళ్ళయితే బాగుండునని అందరూ అనుకున్నారు, అంతే.

ఫ్రెంచివాళ్ళ దగ్గరే ఈ తగువు ముందునుంచీ ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో వియొలే ల్యూ ద్యూక్ అనే ఆయన కార్కసోన్ కోటని బాగుచేస్తూ బురుజుల మీద నల్లరాతి పలకలతో కోసు టోపీలు పెట్టించాడు. దక్షిణ ఫ్రాన్సులో అలాంటి కప్పులేమిటని అప్పుడే విమర్శించారు. పాత కట్టడం ఎలా ఉండేదన్న ప్రశ్న ఒకటి, ఎలా ఉంటే మనకి నచ్చుతుందన్న ప్రశ్న ఒకటి. 1964లో వెనిస్‌లో చేసిన అంతర్జాతీయ నియమావళి ఈ విషయంలో రెండు మాటలు చెప్పింది. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలన్నది మొదటిది. కట్టడంలో అన్ని కాలాల వాళ్ళు చేర్చిన వాటికీ విలువ ఇవ్వాలన్నది రెండోది. చదవడానికి రెండూ చక్కగానే ఉంటాయి. చేయబోతే ఒకదానికొకటి అడ్డం పడతాయి. రస్సెల్‌లో అదే జరిగింది.

రెండో మరమ్మతు: మేడని మళ్ళీ కార్ఖానా చేశారు

1990 నుంచి 1993 దాకా న్యూజీలండ్ హిస్టారిక్ ప్లేసెస్ ట్రస్టు వాళ్ళు దీన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. (2014 నుంచి ఈ సంస్థ పేరు హెరిటేజ్ న్యూజీలండ్ పౌహెరె తఓంగా.) ఈసారి నేలనీ, గోడలనీ, పాత కాగితాలనీ చదివేరు. అది మేడ కాదు, కార్ఖానా అని ఒప్పుకున్నారు. ఒప్పుకుని, కుటుంబాల కాలంలో చేరిన భాగాలు తీసేసి, 1842 నాటి పనివాళ్ళ చోటుగా నిలబెట్టేరు. ఇవాళ అక్కడికి వెళితే అక్షరాలు పేర్చడం, తోలు ఊనడం, పుస్తకం కుట్టడం చెప్పి చూపిస్తారు. దేశంలో మొదటి తరగతి రక్షిత కట్టడాల్లో ఇదొకటి. నిలిచి ఉన్న కేథలిక్ కట్టడాల్లో దేశం మొత్తానికి ఇదే పాతది.

మా అమ్మ కనిపెట్టిన మట్టిగోడ సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. మన మట్టిగోడకీ ఈ పీజే గోడకీ తేడా ఉంది. మనం మట్టి తడిపి, కాళ్ళతో తొక్కి, ముద్దలు చేసి వరసలుగా వేస్తాం. ఒక వరస ఆరాక దాని మీద ఇంకో వరస. వాళ్ళు మట్టిని కాస్త చెమ్మగా ఉంచి, రెండు చెక్కల మధ్య పోసి, దిమ్మిసతో కూరి గట్టిచేసి, చెక్కలు పైకి జరుపుకుంటూ పోతారు. మనది ముద్ద, వాళ్ళది కూరుడు. రెంటికీ శత్రువు మాత్రం ఒకటే, నీళ్ళు. కింద రాతి పునాది ఉండాలి, పైన చూరు బయటికి రావాలి. మన ఇళ్ళకి అరుగూ పంచా ఎందుకున్నాయో, ఈ కట్టడానికి వసారా అందుకే ఉంది. 1940లలో దొరల హోదాకి గుర్తుగా కనిపించిన ఆ వసారా, నిజానికి వానజల్లు మట్టిగోడని కొట్టకుండా పట్టిన గొడుగు. మట్టిగోడ తెలిసిన మనిషికి ఇది ఒక్క చూపులో తెలుస్తుంది. మా అమ్మకి తెలిసింది. చదువుకున్న నాకు తెలియలేదు.

ఈ రెండో మరమ్మతు నాకు నచ్చింది. అయినా మూడు అభ్యంతరాలున్నాయి.

మొదటిది. కార్ఖానాగా పనిచేసింది కొద్ది ఏళ్ళు. ఇల్లుగా ఉన్నది అంతకి ఎన్నో రెట్లు. అందులో పిల్లలు పుట్టేరు, పెళ్ళిళ్ళు జరిగేయి. 1842 ఒక్కటే అసలు సంవత్సరం, మిగతావన్నీ కల్తీ అనడానికి వీల్లేదు. వెనిస్ నియమావళిలోని రెండో మాట ఇక్కడ దెబ్బతింది. కాపాడినవాళ్ళు ఆ సంగతి ఎరిగినట్టే ఉన్నారు. కుటుంబాల కాలపు తోటని అలాగే ఉంచేరు. కట్టడం పనివాళ్ళది, తోట కాపురం ఉన్నవాళ్ళది. ఇది రాజీయే గాని మర్యాదైన రాజీ.

రెండోది పేరు. కట్టినది పెరే. పనిచేసినది మిషను సోదరులూ వాళ్ళతో కలిసిన వాళ్ళూ. పేరు మాత్రం ఇప్పటికీ పొంపాలియేదే. "హౌస్" తీసేసి "మిషన్" అన్నారు గాని, బిషప్ గారు తలుపు మీంచి దిగలేదు. మనకిది కొత్తేమీ కాదు. గుడి రాజు పేరు మీద ఉంటుంది, ఉలి పట్టినవాడి పేరు అడిగేవాళ్ళుండరు.

మూడోది నాకు అన్నిటికంటె ముఖ్యం. నేను వెళ్ళిన రోజు అచ్చువేసిన చేతుల గురించి చాలా విన్నాను. చదివిన కళ్ళ గురించి తక్కువ విన్నాను. ఆ పుస్తకాలు మావోరీలవి. ఫ్రెంచివాళ్ళు తమది కాని భాషలో అక్షరాలు పేర్చేరు. తప్పొప్పులు చూసిందెవరు, పుస్తకం చేతికొచ్చాక ఏ ఊరికి వెళ్ళింది, ఎవరు ఎవరికి చదివి వినిపించేరు? ఈ సగం కథ యంత్రం పక్కన నిలబడి వినాలనిపించింది.

ఇంకో మాట కూడా రాయకుండా ఉండలేను. మన ఊళ్ళలో తోళ్ళు ఊనేవాళ్ళని ఊరి బయట ఉంచేం. వాళ్ళ నీడని కూడా తప్పించుకు తిరిగిన రోజులున్నాయి. ఇక్కడ ప్రార్థన పుస్తకానికి తోలు ఊనింది దేవుడి పనికని వచ్చినవాళ్ళే. అక్షరమూ తోలూ ఒకే ఆవరణలో ఉన్నాయి. వాళ్ళని మహాత్ములని నేననడం లేదు. వాళ్ళ ఉద్దేశం మతం మార్చడమే. కాని ఆ గుంటని మళ్ళీ తెరిచి, సిగ్గుపడకుండా చూపిస్తున్నారు కదా, అది చూసి నేర్చుకోవచ్చు.

మన మేడలు

మనం ఏవి కాపాడుకున్నామో ఒకసారి చూడండి. హైదరాబాదులో చౌమహల్లా పాలెస్ పునరుద్ధరణకి 2010లో యునెస్కో పురస్కారం వచ్చింది. అసెంబ్లీ కోసం ఎర్రమంజిల్ పడగొట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. రెండూ సంతోషించదగ్గవే. రెండూ మేడలే. నేతగాడి పాక, కుమ్మరి ఆవము, అచ్చుకూటం కోసం కోర్టుకెళ్ళిన వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టాలి. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు నిలబెట్టుకున్నాం, నిజమే. అది చూసినప్పుడు సంఘసంస్కర్త విగ్రహానికి దండం పెట్టి వస్తాం. 1874లో మొదలెట్టిన వివేకవర్ధని కోసం ఆయన సొంతంగా అచ్చుకూటం నడిపేడనీ, ఆ మసి ఆయన చేతికి అంటుకునే ఉంటుందనీ తలుచుకునే వాళ్ళం తక్కువ.

భాష విషయంలోనూ ఇంతే. విదేశంలో ఉన్న మన సంఘాలు ఉగాదికీ సంక్రాంతికీ తెలుగుకి ఒక మేడ కడతాయి. తెలుగు తూర్పు దేశపు ఇటాలియన్ అని ఎవరో విదేశీయుడన్నాడని ప్రతి ఏడూ వేదిక మీద చెప్పుకుంటాం. చప్పట్లు కొట్టి, పులిహోర తిని, కారెక్కగానే పిల్లలతో ఇంగ్లీషులోకి దిగుతాం. నేనూ ఆ కారులోనే ఉన్నాను, పక్కకి తప్పుకుని మాట్లాడటంలేదు.

మావోరీలు ఇంకో దారి పట్టేరు. తమ భాష ముసలివాళ్ళతో పోతోందని భయపడ్డప్పుడు, 1982లో కొహాంగ రెయో మొదలెట్టేరు. భాషాగూడు అని అర్థం. గూట్లో అమ్మమ్మలూ తాతయ్యలూ చంటిపిల్లలతో రోజంతా మావోరీలోనే మాట్లాడతారు. అన్నం పెట్టడం, ముక్కు తుడవడం, కేకలెయ్యడం, అన్నీ ఆ భాషలోనే. 1987లో అది దేశానికి అధికారభాష అయింది. గూడంటే కార్ఖానా వంటిదే, పొద్దున్నే తలుపు తీసి పని మొదలెట్టాలి.

మన భాషకీ మొదటి అచ్చు మేడల్లో పడలేదు. 1740లలో జర్మనీలోని హాలె పట్టణంలో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. మన అక్షరాన్ని ఎవరో పరాయివాళ్ళు దూరదేశంలో, తమ అవసరం కోసం, తంటాలు పడి పోతపోసేరు. కొరోరారెకాలో మావోరీ అక్షరం కథ కూడా ఆ జాతిదే. అందుకే ఆ గదిలో అక్షరాల గళ్ళపెట్టె చూస్తున్నప్పుడు నాకది పరాయి సంగతిలా తోచలేదు.

గుంట

ఇంతవరకూ ఇతరుల ఇళ్ళ సంగతి రాసేను. ఇప్పుడు మా ఇల్లు.

గైడు అమ్మాయి తోలు గుంటల దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు మా అమ్మ మా అబ్బాయితో అంది: "మనింట్లోనూ గుంట ఉండేదిరా నాన్నా, మగ్గం గుంట. మీ ముత్తాత అందులో కాళ్ళు పెట్టుకుని నేసేవారు. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు పొద్దున లేస్తూనే కండెలు చుట్టేదాన్ని."

వాడు నావైపు చూసేడు. "బంగళా అన్నావు కదమ్మా?" అన్నాడు.

అవును, అన్నాను. పన్నెండేళ్ళుగా అంటూనే ఉన్నాను. ఆఫీసులో వాళ్ళకి, బళ్ళో టీచర్లకి, నా పిల్లలకి కూడా. మా తాతలనాటి ఇల్లు, పెద్ద అరుగులు, చెక్కిన తలుపులు అని. అరుగులున్న మాట నిజమే. ఆ అరుగుల వెనక గదిలో మగ్గం ఉందనీ, రోజంతా నాడె చప్పుడు వినిపించేదనీ, అప్పు తీర్చలేక తాతయ్య ఒక ఏడాది అచ్చు కూడా తాకట్టు పెట్టేడనీ ఎప్పుడూ చెప్పలేదు. అచ్చంటే మగ్గంలో పడుగు దారాలు వరసగా దూర్చే పన్నె. పుస్తకం వేసేదీ అచ్చే, బట్ట నేసేదీ అచ్చే. తెలుగులో రెంటికీ ఒకటే మాట ఉందని రస్సెల్ నుంచి వచ్చే పడవలో తట్టింది.

1940లలో ప్రభుత్వం పొంపాలియే కట్టడానికి ఏం చేసిందో, నేను మా ఇంటికి అదే చేశాను. పనివాళ్ళ చోటుని తీసుకెళ్ళి బిషప్ గారికిచ్చేశాను.

తమాషా ఏమిటంటే, మేం ఊరునుంచి తిరిగొచ్చిన వారానికే చిన్నాన్న ఫోను చేశాడు. ఇల్లు బాగుచేయిస్తున్నాడట. పదేళ్ళ కిందటే మగ్గం గుంట పూడ్పించి గ్రానైటు పరిపించాడు. ఇప్పుడు ముందువైపు స్తంభాలు పెట్టి, పాతకాలపు మండువా లోగిలిలా చేయిస్తాడట. "పాతవాటికి ఇప్పుడు మంచి గిరాకీ ఉందమ్మా. మీ ముగ్గురూ తలో చెయ్యీ వెయ్యాలి" అన్నాడు.

"మనది మండువా ఇల్లు కాదు కద చిన్నాన్నా?" అన్నాను.

"కాకపోతేనేం? చూసేవాళ్ళకి తెలుస్తుందా ఏంటి?"

"డబ్బు పంపిస్తాను గాని, ఆ స్తంభాలొద్దు. వెనక గదిలో గ్రానైటు నాలుగు పలకలు తీయించి గుంట తెరిపించు."

అటువైపు కాసేపు మాట లేదు. తరవాత నవ్వేడు. "గుంటెవరు చూస్తారమ్మా? అందులో మేం పడ్డ పాట్లు చాలవా?"

ఈ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ గుంటలో కాళ్ళు వాచేలా కూర్చున్నది చిన్నాన్న, నేను కాదు. నేను ఆక్లండ్‌లో కూర్చుని పేదరికాన్ని ప్రదర్శనకి పెడదామంటే ఆయనకి ఎలా ఉంటుందో ఆలోచించాల్సింది. రస్సెల్‌లో గుంట తెరిచినవాళ్ళెవరూ అందులో పనిచేసినవాళ్ళు కారు. తెరవడం వాళ్ళకి తేలిక. ఇది నా నాలుగో అభ్యంతరం. ఇది కట్టడం మీద కాదు, నా మీద నాకే.

చిన్నాన్న ఇంకా ఏ సంగతీ తేల్చలేదు. స్తంభాలు మాత్రం ప్రస్తుతానికి ఆగేయి. మా అమ్మ ఊరికి వెళ్ళేలోగా మా అబ్బాయి చేత గళ్ళకాగితం మీద ఇంటి నక్షా గీయించింది. మగ్గం ఎటు తిరిగి ఉండేదో, గుంట ఏ గోడకి ఎన్నడుగుల దూరమో, రాట్నం ఎక్కడ పెట్టేవారో, వెలుతురు ఏ కిటికీలోంచి పడేదో అన్నీ చెప్పింది. వాడు తెలుగులో రాయలేక ఇంగ్లీషులో రాసుకుంటూ, ఒక్కో మాటా మళ్ళీ మళ్ళీ అడిగేడు. పడుగు, పేక, నాడె, కండె. నాకూ కొన్ని మాటలు ఆ రోజే తెలిసేయి.

ఈసారి మీ ఇంటికి చుట్టాలొస్తే రస్సెల్ తీసుకెళ్ళండి. పెద్దవాళ్ళుంటే తప్పకుండా తీసుకెళ్ళండి. గైడు చెప్పేది వినండి. పక్కనే మీ అమ్మగారో నాన్నగారో గోడ చూసి ఏదైనా గొణిగితే, ముందు అది వినండి.